పదకొండు గంటల జ్వరం

మా బడిలో ఆయమ్మలు దానికి పెట్టుకున్న పేరు ‘పదకొండు గంటల జ్వరం’. హైదరాబాదులో ఒక నర్సరీ బడిలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. వానాకాలం మొదలయ్యాక ఆ మాట వినపడని వారం ఉండేది కాదు. ఉదయం ఏడున్నరకు ఇంట్లో పారాసిటమాల్ సిరప్ పడుతుంది. ఎనిమిదిన్నరకు బిడ్డ నవ్వుతూ గేటు దాటుతుంది. ప్రార్థనలో నిలబడుతుంది, ఇసుకలో ఆడుతుంది, పక్కపిల్ల సీసాలో నీళ్లు తాగుతుంది. మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. పదకొండు దాటాక కళ్లు ఎర్రబడతాయి, తల బల్ల మీదికి వాలుతుంది. ఆయమ్మ నుదుటి మీద చెయ్యి వేసి నావైపు చూస్తుంది. ఇంటికి ఫోను చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: “పొద్దున బాగానే ఉంది కదా మేడం!”

ఆ జ్వరం ఫ్లూ అయితే, ఆ రెండున్నర గంటల్లో ఆ గదిలోని మిగతా పిల్లలకు ఏం జరిగి ఉంటుందో ఎవరూ అడగరు. నా కోపమంతా అక్కడే.

ఫ్లూ రోజులు వచ్చాయంటే సలహాలకు కొదవ ఉండదు. ఏం తినిపించాలి, ఏ కషాయం పట్టాలి, ఏ సిరప్ మంచిది, ఇమ్యూనిటీ ఎలా పెంచాలి. అన్నీ ఆ బిడ్డ ఒంట్లోకి ఏదో ఒకటి పంపే సలహాలే. కానీ మూడేళ్ల పిల్ల ఫ్లూ నుంచి తనను తాను ఎలా కాపాడుకుంటుంది? దూరంగా నిలబడదు, ముక్కు తుడుచుకున్న చేత్తోనే స్నేహితురాలి బుగ్గ పట్టుకుంటుంది, నోట్లో పెట్టుకోని బొమ్మ ఉండదు. ఆమెకు ఫ్లూ వస్తుందా రాదా అన్నది చాలావరకు చుట్టూ ఉన్నవాళ్లు తేల్చే విషయం. తల్లి, తండ్రి, అన్న, ఆయమ్మ, టీచరు, పక్క బెంచీ పిల్ల తల్లిదండ్రులు. వీళ్లలో ఎవరు తప్పుకున్నా మిగిలినవాళ్ల జాగ్రత్త సగానికి సగం వృథా.

ఫ్లూను పడిశంతో కలిపి ‘వైరల్’ అనేయడం మనకు అలవాటు. పడిశం మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది. ఫ్లూ పొద్దున గంతులేసిన పిల్లను సాయంత్రానికి మంచానికి అంటిస్తుంది: పెద్ద జ్వరం, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా. వైరస్ ఒంట్లో చేరిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జబ్బు బయటపడుతుంది. చిక్కేమిటంటే, జ్వరం రావడానికి ఒక రోజు ముందే అది ఇతరులకు అంటుకోవడం మొదలవుతుంది. పెద్దల్లో ఐదు నుంచి ఏడు రోజులు అలా అంటుతూనే ఉంటుంది, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు. “ముందే అంటించేసింది కదా, ఇక ఇంట్లో ఉంచితే లాభమేమిటి?” అని ఒక తండ్రి నాతో వాదించాడు కూడా. లాభం ఉంది. వైరస్ బాగా వెదజల్లేది జబ్బు బయటపడిన తొలి మూడు నాలుగు రోజుల్లోనే. సరిగ్గా మనం సిరప్ పట్టి బడికి పంపే రోజులు అవే.

2009 మే నెలలో స్వైన్ ఫ్లూ అని మనం పిలిచిన హెచ్1ఎన్1, దేశంలో మొదట నిర్ధారణ అయింది హైదరాబాదులోనే, అమెరికా నుంచి దిగిన ఒక ప్రయాణికుడిలో. ఆ ఏడాది ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరు చెబితే జనం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునేవారు. 2015లో మళ్లీ విరుచుకుపడింది. దేశమంతా కలిపి 42,000కు పైగా కేసులు, దాదాపు 3,000 మరణాలు. ఆ జనవరిలో తొలి దెబ్బ తిన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. తర్వాత అదే హెచ్1ఎన్1 మామూలు ఫ్లూలో కలిసిపోయి ఏటా తిరుగుతూనే ఉంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే మరో ఫ్లూ రకం వంతు వచ్చింది. పేరు కొత్తగా వినిపించిన ఏడాది భయపడతాం, పాతబడితే ‘వైరల్’ అంటాం. వైరస్‌కు ఆ తేడా తెలియదు.

ఎంత ప్రమాదం? చాలామంది పిల్లలు వారంలో లేచి తిరుగుతారు, అందులో సందేహం లేదు. అయితే 2018లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్లలోపు పిల్లల్లో ఫ్లూ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టిన పరిశోధకులు దాన్ని దాదాపు 11 కోట్లుగా తేల్చారు. ఫ్లూతో ఆసుపత్రుల్లో చనిపోయిన ఆ పిల్లల్లో మూడో వంతుకు పైగా ఆరు నెలలు నిండని పసికందులు. అమెరికాలో 2024–25 సీజన్‌లో ఫ్లూతో 280 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ మన బంధువుల పిల్లలూ బడికి వెళుతున్నారు కాబట్టి ఈ లెక్క మనకు దూరపుదేమీ కాదు. ఆ 280 మందిలో నూటికి నలభై మందికి పైగా అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బేదీ లేదు. ‘మా వాడు గట్టి పిండం’ అనే ధైర్యం ఎంతవరకు పనికొస్తుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఆరు నెలలు నిండని బిడ్డల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు ఫ్లూ టీకా లేదు. ఆ వయసు వాళ్లకు ఇవ్వరు. ఆ బిడ్డకున్న రక్షణ రెండే: తల్లి గర్భంతో ఉన్నప్పుడు వేయించుకున్న టీకా ద్వారా దిగే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు), ఇంట్లోవాళ్లు జబ్బు తేకపోవడం. మన ఊళ్లలో కానుపుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి చుట్టూ ఎంత హడావిడి ఉంటుందో తెలిసిందే. పథ్యం, వేడినీళ్లు, చెవులకు దూది, చల్లగాలి తగలకుండా తలుపులు బిగించడం. ఆ గదిలోకి తుమ్ముతూ వచ్చి బిడ్డ మూతి ముద్దుపెట్టుకునే మేనమామను మాత్రం ఎవరూ ఆపరు. ఆపితే ‘పెద్ద డాక్టరమ్మ బయలుదేరింది’ అంటారు. అననివ్వండి. బారసాలను రెండు వారాలు వెనక్కి జరిపితే పేరు చెడిపోదు. జలుబు, దగ్గు ఉన్నవారు దయచేసి బిడ్డను ఎత్తుకోవద్దని పిలుపులోనే చెప్పేయవచ్చు.

ఇంకో మాట కూడా ఇక్కడే. తల్లికి జ్వరం రాగానే బిడ్డకు పాలు మాన్పించేస్తారు. అది తప్పు. ఫ్లూ పాల ద్వారా పోదు. పైగా ఆ జబ్బుతో పోరాడే ప్రతిరక్షకాలు ఆ పాలలోనే బిడ్డకు అందుతాయి. తల్లి చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలివ్వాలి. మిగతా వేళల్లో బిడ్డను జబ్బు లేని మనిషి చూసుకోవాలి.

ఆరు నెలలు నిండితే టీకా ఉంది. భారత శిశువైద్యుల సంఘం ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఏటా వేయించమంటుంది. మొదటిసారి అయితే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, తర్వాత ఏడాదికి ఒకటి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. ఇక్కడే మనం కాలెండరు చూసుకోవాలి. ఫ్లూ అంటే చలికాలపు జబ్బని చదువుకున్నాం, అది చలిదేశాల లెక్క. మన దగ్గర వానలతో ఒకసారి, చలికాలంలో మరోసారి లేస్తుంది. వానల వంతే తరచుగా పెద్దది. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. కాబట్టి రెండు డోసులు కావలసిన పిల్ల ఏప్రిల్ చివరికైనా మొదలుపెట్టాలి. చుట్టుపక్కల అందరూ దగ్గుతున్నప్పుడు ఆగస్టులో పరుగెత్తేవాళ్లే ఎక్కువ. ఆగస్టులో వేయించినా వృథా కాదు, కానీ జులై అప్పటికే గడిచిపోయి ఉంటుంది. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. పెట్టె మీద ఏ ఏడాదిదో రాసి ఉంటుంది. పాత సరుకు కాదని డాక్టరు గారిని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఈ టీకాను దేవుడి వరంలా అమ్మేవాళ్లూ ఉన్నారు. అది నిజం కాదు. టీకాలోని రకాలు బయట తిరిగే వైరస్‌తో బాగా కుదిరిన ఏడాది కూడా నూటికి నలభై నుంచి అరవై మందిలోనే జబ్బును ఆపుతుంది. కానీ వచ్చిన జబ్బు ఆసుపత్రి దాకా వెళ్లకుండా చేయడంలో దాని విలువ ఎక్కువ. అసలు చిక్కు ధర. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు. బయట ఒక్కో డోసు సుమారు వెయ్యిన్నర నుంచి రెండు వేల రూపాయల దాకా. మా బడి ఆయమ్మకు ఆ డబ్బు నెల జీతంలో ఎంత పెద్ద ముక్కో నాకు తెలుసు. రోజంతా ఇరవై మంది పిల్లల ముక్కులు తుడిచే మనిషికి బడి యాజమాన్యం ఆ టీకా తన ఖర్చుతో వేయించాలి. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. ఆ గదిలో ఉన్న పిల్లలకు ఆమె ఆరోగ్యమే మొదటి కంచె. గర్భిణులకైనా ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెడితే ఆరు నెలలలోపు పసికందులకు అంతకన్నా మేలు లేదు.

ఉచితంగా దొరికేది ఒకటుంది, దాన్ని వదులుకోకండి. ఫ్లూ వచ్చిన పిల్లలు ప్రమాదంలో పడేది చాలాసార్లు దాని వెనకే దూరే న్యుమోనియా బాక్టీరియా వల్ల. దానికి వేసే న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచిత పట్టికలో ఉంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు. తల్లీబిడ్డల కార్డు తీసి ఒకసారి చూసుకోండి.

ఇక మళ్లీ బడి. నా అసలు గొడవ అక్కడే ఉంది.

మన బడులు పిల్లలకు నేర్పే మొదటి పాఠం అ ఆలు కాదు, నూటికి నూరు శాతం హాజరు. ఏడాది చివర వార్షికోత్సవంలో ఒక్క రోజూ మానని పిల్లలకు పతకం. మూడున్నరేళ్ల పిల్ల మెడలో ఆ పతకం వేస్తుంటే తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. వేదిక పక్కన నిలబడి చప్పట్లు కొట్టే టీచరుకు మాత్రం జులైలో ఆ పిల్ల ఎన్ని పూటలు బల్ల మీద తలవాల్చి పడుకుందో గుర్తుంటుంది. ఏ ఏడాదీ జ్వరం రాని చిన్నపిల్ల ఉండదు. కాబట్టి ఆ పతకం చాలాసార్లు ఆరోగ్యానికి ఇచ్చేది కాదు, జ్వరంతో బడికి వచ్చినందుకు ఇచ్చేది.

జపాన్‌లో దీన్ని చట్టంతో తేల్చారు. అక్కడి బడుల ఆరోగ్య నిబంధనల ప్రకారం ఫ్లూ వచ్చిన పిల్ల, జబ్బు మొదలై 5 రోజులు గడిచి, జ్వరం తగ్గి 2 రోజులు అయ్యేదాకా బడికి రాకూడదు. ఇంకా బడి వయసు రాని చిన్నపిల్లలకైతే జ్వరం తగ్గాక 3 రోజులు. ఆ రోజులు గైర్హాజరు లెక్కలోకి రావు. ఒక తరగతిలో చాలామంది పడిపోతే ఆ ఒక్క తరగతిని కొన్ని రోజులు మూసేస్తారు, బడి మొత్తాన్ని కాదు. అదే దేశం 1960ల నుంచి 1994 దాకా బడి పిల్లలకు పెద్ద ఎత్తున ఫ్లూ టీకాలు వేసింది. ఆ కార్యక్రమం నడిచిన కాలంలో వృద్ధుల మరణాలు తగ్గాయని, ఆగిపోయాక మళ్లీ పెరిగాయని 2001లో ఒక అధ్యయనం చూపింది. పిల్లలకు వేసిన టీకా తాతల ప్రాణం కాపాడిందన్నమాట. మన ఇళ్లలో తాతా మనవలు ఒకే మంచం మీద పడుకుంటారు, ఈ సంగతి మనకు ఇంకా దగ్గరగా తగలాలి.

మనకు అంత చట్టం వెంటనే రాదు. కనీసం హాజరు పట్టీలో జ్వరానికి వేరే గుర్తు పెట్టవచ్చు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి రమ్మని జూన్‌లోనే కాగితం మీద రాయించుకోవచ్చు. ‘మందు వేయకుండా’ అన్న ముక్కను ఎర్ర సిరాతో రాయాలి. మొత్తం ఆట అక్కడే పోతోంది.

ఇంత చెప్పాక ఎవరైనా నన్ను నిలదీయవచ్చు: “ఇంట్లో ఎవరుంటారు?” ఇది సాకు కాదు, నిజమైన ప్రశ్న. సెలవు పెడితే కూలి పోయే తల్లికి నేను నీతులు చెప్పలేను. అంగన్‌వాడీకి వెళ్లే మూడేళ్ల పిల్ల ఆ రోజు మానితే వేడి అన్నం, గుడ్డు పోతాయి. మానమని చెప్పే ముందు ఆ గుడ్డు ఇంటికి పంపే ఏర్పాటు ఉండాలి. లేకపోతే మన సలహా ఆ ఇంటికి ఆకలిగా చేరుతుంది. 2017లో సవరించిన ప్రసూతి చట్టం 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలంది. కానీ జ్వరమొచ్చిన పిల్లను ఏ క్రెష్ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. అంటే క్రెష్ ఉన్నా సెలవు అవసరం తీరదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. దుకాణంలో పనిచేసే అమ్మాయికి ఏముంది?

అయితే సెలవు పెట్టగలిగిన ఇళ్ల సంగతీ నేను చూశాను. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు, ఇంటి నుంచి పనిచేసే వీలు, అయినా ఏడున్నర సిరప్ ఆగదు. అక్కడ కొరత సెలవుది కాదు, తండ్రిది. బడి నుంచి ఫోను ఎప్పుడూ తల్లికే పోతుంది, పరుగెత్తుకుంటూ వచ్చేదీ ఆమే. దరఖాస్తులో తండ్రి నంబరు మొదటి గడిలోనే ఉంటుంది. ఫ్లూ రోజుల్లో ఆ నంబరుకు ఫోను చేయడం బడులు అలవాటు చేసుకుంటే, ఆ పిల్ల ఇంట్లో ఉండే రోజులు వాటంతటవే పెరుగుతాయని నా నమ్మకం.

ఇంట్లో ఉంచాక ఏం చేయాలన్నది వైద్యులు చెప్పాలి. నేను ఏం చేయకూడదో మాత్రం చెబుతాను. కర్పూరం మూట పసిబిడ్డకు కట్టకండి. అది కొంచెం నోట్లోకి పోయినా ఫిట్స్ రావచ్చు. ముక్కులో నూనె చుక్కలు ఊపిరితిత్తుల్లోకి దిగి కొత్త న్యుమోనియా తెస్తాయి. సాంబ్రాణి పొగ సువాసనగానే ఉంటుంది, దగ్గే పిల్లకు అది పొగే. మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పట్టబోయి ఒళ్లు కాలిన పిల్లలు ఆసుపత్రుల్లో కనిపిస్తూనే ఉంటారు. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. అమ్మమ్మ చారన్నం, గంజి, కొబ్బరినీళ్లు మాత్రం శుభ్రంగా పెట్టవచ్చు.

మందుల దుకాణం సలహా అమ్మమ్మ చిట్కా కన్నా ప్రమాదకరం. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. 2025లో మధ్యప్రదేశ్‌లో విషపు రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు చనిపోయాక కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దు, ఐదేళ్లలోపు వారికి కూడా మామూలుగా వద్దు. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ అసలు వద్దు. పారాసిటమాల్‌లోనూ ఒక గొయ్యి ఉంది. డ్రాప్స్ సీసాలో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 120 గాని, 250 గాని. 120 సిరప్‌కు చెప్పిన కొలతను డ్రాప్స్ సీసాలోంచి పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. బామ్మ చేతికి సీసా ఇచ్చే ముందు ఎన్ని మిల్లీలీటర్లో దాని మీదే రాసి పెట్టండి. ఫ్లూకు విడిగా మందు ఉంది, ఒసెల్టామివిర్. జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే రెండేళ్లలోపు పిల్లకు, ఉబ్బసమో గుండె జబ్బో ఉన్న పిల్లకు జ్వరమొస్తే ‘మూడు రోజులు చూద్దాం’ అనుకోకుండా మొదటి రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రతి తల్లీ తండ్రీ నేర్చుకోవలసింది ఊపిరి లెక్క. పిల్ల ఏడవకుండా పడుకున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోనులో నిమిషం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. ఆ అంకె చేరినా దాటినా అదే రోజు ఆసుపత్రి. డొక్కలు ఎగరేస్తుంటే, పెదవులు నీలంగా మారితే, పాలూ నీళ్లూ పట్టకపోతే, లేపినా మగతగా పడి ఉంటే, ఫిట్స్ వస్తే, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోతే లెక్కపెడుతూ కూర్చోవద్దు, వెంటనే బయలుదేరాలి. జ్వరం తగ్గి ఒకటి రెండు రోజులు బాగుండి మళ్లీ ఎక్కువగా వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వెనక న్యుమోనియా దూరిందేమో చూడాలి.

మాస్కుల గురించి రెండు మాటలు చాలు. ఐదేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు, రెండేళ్లలోపు వారికి పెట్టనే కూడదు. దగ్గుతున్న పెద్దలు పెట్టుకోవాలి. సబ్బుతో చేతులు కడిగించడం బడుల్లో బాగానే జరుగుతోంది. కిటికీల సంగతే ఘోరం. ‘అన్ని తరగతులకూ ఏసీ’ అని బ్యానరు కట్టే బడికి ఫీజు ఎక్కువ, గాలి తక్కువ. మూసిన గదిలో ఇరవై మంది పిల్లలు ఒకరు వదిలిన గాలిని మరొకరు పీలుస్తుంటారు. వానాకాలంలో ఫ్యాను తిప్పి కిటికీలు తెరిచి ఉంచిన మామూలు గది దానికన్నా మేలు.

చివరికి మిగిలే వాదన ఒకటి. “అందరూ పంపుతున్నారు, మా పిల్ల ఒక్కతే ఎందుకు మానాలి?” తల్లిదండ్రుల సమావేశంలో ఇది ఎప్పుడూ వచ్చేది. నా జవాబు లెక్కగానే ఉండేది: మీ పిల్లకు ఈ జ్వరం వచ్చింది కూడా ‘అందరూ పంపుతున్నారు’ కాబట్టే. ఆ మాటతో ఒప్పుకున్నవాళ్లు తక్కువ. మేము మరో పని చేశాం. హాజరు పతకం ఎత్తేయమని టీచర్లందరం కలిసి అడిగాం. యాజమాన్యం ఒక ఏడాది నాన్చి ఒప్పుకుంది. తరగతిలో ఎవరికైనా ఫ్లూ తేలితే, పిల్ల పేరు చెప్పకుండా ఆ రోజే మిగతా తల్లిదండ్రులకు కబురు పంపడం మొదలుపెట్టాం. మొదటి నెల చాలామంది విసుక్కున్నారు. తర్వాత ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లులు ఆ కబురు కోసం వాళ్లే ఫోను చేసి అడిగేవారు. వార్షికోత్సవం నాడు ఒక తాతగారు మాత్రం పతకం ఏదని ఆఫీసులో పెద్ద గొడవ చేశారు. మా ప్రిన్సిపల్ గారు ఆయనకు కుర్చీ వేసి, జులై హాజరు పట్టీ తెప్పించి ఎదురుగా పెట్టారు.